వేపకషాయం డబ్బా

అనంతగిరి దాటాక కొండవాలున ఉన్న ఆ ఊరికి టీవీ సీరియల్ వాళ్లు వచ్చిన రోజు కనకకు కాలు నిలవలేదు. పురుగుమందులు కొట్టి కొట్టి తండ్రి మంచాన పడితే, ఇంటిల్లిపాదీ ఆ మందుల మీద దుమ్మెత్తిపోసే కథట. రోగి వేషానికి కనకకు మరిది వరసయ్యే గాసిని ఎంచుకున్నారు. ఎంచుకోరూ మరి! పోయిన రాజ్మా పంట దగ్గర్నుంచీ మనిషి సగమయ్యాడు. చేతుల మీద పొక్కులు మానలేదు, దగ్గు తగ్గలేదు. కొండదేవతకు కోపమొచ్చిందని కోడిని కోసి మొక్కు కూడా తీర్చుకున్నాడు.

“ఖాళీ మందు డబ్బా ఒకటి కావాలి,” అన్నాడు డైరెక్టరు.

“మా ఊళ్లో ఆటి వాసనే లేదు బాబూ. అందరి కాపీ గింజలూ ఒక్క కళ్లంలోనే ఆరతాయి. మందు కొట్టని ఊరనే మా గింజలకి రేటు. ఒకడు మందు వాడినా ఊరంతటిదీ సెడినట్టే,” అని ఊరిపెద్ద సుక్రు మీసం దువ్వాడు.

కనక నోరు మూసుకుని ఉంటే పోయేది. తన ఇంటి వస్తువు టీవీలో కనబడుతుందన్న ఉబలాటం ఊరుకోనివ్వలేదు. అటక మీది నీలం డబ్బా దించి, “వేపకసాయం పోసుకున్న డబ్బా ఉంది, పనికొత్తాదా?” అంది. డబ్బా మీది కాగితం ఎప్పుడో పీకేసింది కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. నిజానికి అది ఆమె భర్త ఫల్గుణ సంతలో చాటుగా కొన్న పురుగుమందు డబ్బా. రాజ్మాకు పురుగు పట్టినప్పుడు, సాయంపనికి వచ్చిన గాసికి వేపకషాయమని చెప్పి కనకే దాన్ని చేతికిచ్చింది. ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా చేనంతా అతనే కొట్టాడు, పాపం.

సీరియల్ వాళ్లు డబ్బాకు పుర్రె బొమ్మ అంటించారు. కూతురు వేషం కట్టిన అమ్మాయి దాన్ని ఎత్తి పట్టుకుని, “మా నాన్న చేతులు పొక్కింది దీనివల్లే! ఊపిరాడనిది దీనివల్లే!” అని భోరుమంది.

వేషంలో మాటలే లేని గాసి మంచం మీద లేచి కూర్చున్నాడు. డబ్బా పిడి ఊడితే తను కట్టిన ఇనపతీగ కళ్లబడింది.

“ఇది మీ డబ్బాయే గదా వదినా? నాను కొట్టింది వేపకసాయమే గదా?”

కనక చూపు తప్పించింది. గాసి ఆమె మొహం చూశాడు, తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. సుక్రు మీసం మీది చెయ్యి దించేశాడు. ఊరంతటి ముందూ కనకకు తల కొట్టేసినట్టయింది.

“అద్భుతం!” డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. “ఆ మాటే మళ్లీ అను. కెమెరా ఆన్‌లోనే ఉంది.”

గాసి చేతులు దుప్పటి కిందికి దోపుకున్నాడు. “నాను అననండి. ఆవిడ మా వదినండి. టీవీలో అందరూ చూత్తారు.”

తిట్టినా, డబ్బా మొహాన కొట్టినా కనక తట్టుకునేదేమో. ఆ చేతులు దాచుకోవడం మాత్రం తట్టుకోలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోతూ మంచం దగ్గరికి వెళ్లింది.

“అది వేపకసాయం కాదు. తెలిసే నీ సేతికిచ్చాను గాసీ.”

“తలెత్తి చెప్పమ్మా, మొహం కనబడట్లేదు,” అని డైరెక్టరు అరిచాడు.

కనక తల ఎత్తలేకపోయింది.