పడవపిల్ల మిగతా కథ

అంతోనమ్మ సంచి సర్దుకుంటోంది. మెట్ల కింద ఆ ఇరుకు గదిలో ఫినాయిలు డబ్బాలకూ చీపుళ్ళకూ మధ్య గోడకు ఒక మేకు ఉంది. ఇన్నేళ్ళూ ఆ మేకుకు వేలాడిన పాత నేత చీరను మడిచి సంచి అడుగున పెట్టింది. దాని మీద టిఫిను డబ్బా, దువ్వెన, తలనొప్పి మందు, జపమాల. జపమాల పైనుంటే బస్సులో జారిపోతుందేమోనని తీసి డబ్బాలో పెట్టింది. డబ్బానే మరిచిపోతే? మళ్ళీ తీసి జాకెట్లో దోపుకుంది. జిప్పు వేసింది. ఏదో మరిచానని మళ్ళీ తీసి చూసింది. ఏమీ మరవలేదు.

ఈరోజే ఆమె పనికి ఆఖరి రోజు. రేపటినుంచి మోతీనగర్‌లో కూతురు జెరూష దగ్గర ఉండాలి. జెరూష నర్సు. ప్రసవం తర్వాత సెలవు అయిపోయింది, పసిదాన్ని చూసుకునే మనిషి కావాలి.

అంతోనమ్మ పొట్టిగా ఉంటుంది. వెడల్పాటి అరచేతులు, నీళ్ళలో నాని తెల్లబడిన వేలికొసలు. ముఖం మాత్రం ఎక్కడో చూసినట్టుంటుంది. ఎవరూ ఎక్కడో చెప్పలేరు. చూసింది తెరమీదే. ఇరవై ఏళ్ళు ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా గుంపుల్లో నిలబడింది. పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసింది, ఆసుపత్రి వరండాల్లో కూర్చుంది, శవాల చుట్టూ చేరి ఏడ్చింది. పోయింది ఎవరో, ఎందుకు పోయారో ఎవరూ చెప్పేవారు కాదు. ‘ఏడవండి’ అనేవారు, ఏడ్చేది. ‘చాలు’ అనేవారు, మానేది. ఆ సినిమా హాలుకొచ్చే వేళకు ఆమె మరో గుంపులో ఉండేది. మోకాళ్ళు ఎండలో నిలబడనివ్వకపోవడంతో జూబ్లీ హిల్స్‌లోని ఈ కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది.

ఇక్కడికీ సినిమా వెంటవచ్చింది. సెలవు రోజుల్లో కాలేజీ సెమినార్ హాలును షూటింగులకు ఇస్తారు. ఆ హాలు ఒకవారం కోర్టవుతుంది, ఇంకోవారం పెళ్ళి మండపమవుతుంది. రేపు మళ్ళీ కోర్టు. సెట్టు వేసేవాళ్ళు ఈ సాయంత్రం వస్తారు. ఈలోగా హాలు పిల్లలది.

బకెట్టు, తుడుపుకర్రా పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళేసరికి పిల్లలు తెల్లబోర్డు ముందు తగువులాడుకుంటున్నారు. జపాను బొమ్మల కథలూ టీవీ సీరీసులూ కలిసి చూసే క్లబ్బు వాళ్ళది, ప్రతి శనివారం ఇక్కడే. వచ్చే టర్ములో ఏ శనివారం ఏం చూస్తారో రాసి ఇవాళే ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలి. రాయకుండా వదిలిన శనివారాలు షూటింగులకు పోతాయి.

క్లబ్బుకో అలవాటుంది. ఏ సీరీసైనా మొదటి మూడు భాగాలే ఇక్కడ వేస్తారు. నచ్చినవాళ్ళు మిగతాది ఫోన్లో చూసుకుంటారు. తర్వాతి శనివారం కొత్తది మొదలు. అందరికీ అదే బాగుంది. హాలు తలుపు తీసి, వెనక గడప మీద కూర్చుని, ప్రతి కథా మూడు భాగాలు చూసిన అంతోనమ్మకు తప్ప. ఆమెది బటన్ల ఫోను.

“ఎనిమిది సీరీసులు పట్టట్లేదు,” అంది ప్రెసిడెంటు నిహారిక బోర్డు వైపు చూస్తూ. “ఒకటి డ్రాప్ చేద్దాం. చరణ్, నీ రోబోలది తీసేస్తున్నా.”

“ఏందది? ప్రతిసారి నాదే తీస్తవ్. నీ దయ్యాలది తీయ్.”

బెజవాడ పిల్ల సోఫియా మాత్రం వెనక్కి తిరిగింది. “ఆంటీ, ఇవాళ మీకు లాస్ట్ డే అంటగా? మీరు చెప్పండి. వచ్చే టర్ముకి మీకేం కావాలి?”

అంతోనమ్మ తుడుపుకర్ర ఆపింది. అందరూ తనవైపే చూస్తుంటే ముఖం వేడెక్కింది.

“నాకు వచ్చే టర్ము యాడుందమ్మా,” అంది. తర్వాత, ఎవరో వెనకనుంచి తోసినట్టు, “పడవపిల్ల వెయ్యండి. మిగతాది,” అంది.

డిసెంబరులో చూపించారు దాన్ని. ఒక దీవిలో పన్నెండేళ్ళ పిల్ల పడవ నడుపుతుంది. ఊరికి మందులు తెస్తానని వాళ్ళక్క పొగమంచులోకి పడవ వేసుకుని వెళ్ళింది. పిల్ల రోజూ రేవులో గంట కొడుతుంది. మూడో భాగం అక్కడ ఆగింది. అప్పటినుంచి అంతోనమ్మ నేల తుడుస్తున్నా అన్నం కలుపుతున్నా మనసు ఆ మంచులోకే పోతోంది.

చరణ్ నవ్వాడు. “గంతేనా ఆంటీ! నేను చెప్త, రెండు నిమిషాల్ల అయిపోతది. వాళ్ళక్క—”

“చెప్పమాక!” అంతోనమ్మ తడి చేతులతో చెవులు మూసుకుంది. “నోటితో చెప్పమాక సామీ. నాకు చూపియ్యి.”

పిల్లలు గొల్లున నవ్వారు. నిహారిక నవ్వలేదు. “తొమ్మిది ఎపిసోడ్స్ ఉన్నాయి ఆంటీ. షెడ్యూలేమో ఇవాళే ఇవ్వాలి. ఇవ్వకపోతే మా శనివారాలన్నీ పోతాయి.”

“అవునవును. మీ పని పోగొట్టుకోమాకండి తల్లీ,” అని ఆమె మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. తుడిచినచోటే తుడుస్తోంది.

నిహారిక కాసేపు ఆ తుడుపుకర్రను చూసింది. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి ఎనిమిది పేర్లూ చెరిపేసింది.

“ఏయ్!” అన్నాడు చరణ్.

“అరవకు. ఇవాళ పడవపిల్ల మిగతాదంతా వేస్తున్నాం. మధ్యలో భోజనానికి ఆపం. తినేవాళ్ళు చూస్తూ తినండి. ప్రతి ఎపిసోడ్ ముందొచ్చే పాట తీసేద్దాం, సెట్ వాళ్ళొచ్చేలోపు అయిపోతుంది.”

“పాట ఉంచమ్మా,” అంది అంతోనమ్మ భయపడుతూనే. “ఆ పాటలో రేవు కనపడుద్ది.”

పాట ఉంచారు.

సోఫియా ఆమెను గడప మీదనుంచి లేపి ముందు వరసలో కూర్చోబెట్టింది. మాటలు జపానువి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. సోఫియా వాటిని ఆమె చెవిలో తెలుగులో చెప్పసాగింది. పక్కవాళ్ళు “గట్టిగా చెప్పు” అన్నారు. గట్టిగా చెప్పింది. రెండు భాగాలకే సోఫియా గొంతు బొంగురుపోతే పడవపిల్ల మాటలు ఇంకో అమ్మాయి అందుకుంది. ముసలి వైద్యుడి మాటలు చరణ్ దగ్గుతూ చెప్పాడు. అందరూ ఆ కథ ఎప్పుడో ఫోన్లలో ఒంటరిగా చూసేసినవాళ్ళే. అయినా ఎవరూ లేచి వెళ్ళలేదు. నిహారిక మూలన ఫోను వెలుగులో ఏదో రాస్తూ, కొట్టేస్తూ, మధ్యమధ్య తలెత్తి చూస్తోంది.

మంచు తెరంతా పరుచుకున్నప్పుడు అంతోనమ్మకు మరియదాసు గుర్తొచ్చాడు. ఆమె భర్త. సినిమాల్లో లైట్లు మోసేవాడు. అరకులో షూటింగుకు వెళ్ళేరోజు ఆయన సంచి ఆమే సర్దింది. యూనిట్ వాళ్ళు ఆయన్ను వ్యానులో దుప్పటి కప్పి తీసుకొచ్చారు. ఆ వేళ వాకిట్లో చేరి ఏడ్చినవాళ్ళకు ఎవరి కోసం ఏడుస్తున్నారో తెలుసు.

చివరి భాగం మొదలైంది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

“ఎవరమ్మా లోపల? లైట్లు వెయ్యండి, మావాళ్ళు చెక్కలు దింపాలి!” ప్రొడక్షన్ మేనేజరు రఘునందన్. అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. వెనక చెక్కలు మోసుకుంటూ పనివాళ్ళు.

ఆ గొంతు వినగానే అంతోనమ్మ లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళపాటు అలాంటి గొంతు ఎటు చూపిస్తే అటు జరిగిన కాళ్ళు రెండడుగులు వేశాయి కూడా. అక్కడ ఆగాయి.

“బాబూ, ఈ ఒక్క భాగమే ఉంది. కూర్చోండి.”

“కూర్చోవడమేంటమ్మా? నాకు తెల్లారేసరికి కోర్టు కావాలి.”

“మీరు మమ్మల్ని పొద్దుగూకులూ కూర్చోబెట్టినోళ్ళే గందా. ఒక్కపూట మీరు కూర్చుంటే ఏం అరిగిపోరు.”

హాలు ఈలలతో మోగింది. పనివాళ్ళలో పెద్దవాడు జంగయ్య అప్పటికే చెక్క కింద దించి దానిమీద కూర్చున్నాడు. “జర ఆగుండ్రి సార్. గా పిల్ల ఎవలకోసం సూస్తుంది?”

“వాళ్ళక్క కోసం,” అన్నారు పదిమంది.

రఘునందన్ వాచీ చూసుకుని, తిట్టుకుంటూ, ఒక కుర్చీ లాక్కున్నాడు.

తెరమీద ఊరంతా రేవుకు చేరింది. మంచులో ఏదో కదిలింది. సోఫియా వెనక్కి తిరిగి, “ఇక్కడ డైలాగుల్లేవు ఆంటీ. జనం అరుస్తున్నారని రాసుందంతే,” అంది.

“ఆపండి,” అంది అంతోనమ్మ.

చరణ్ బొమ్మ ఆపాడు.

“అది నా పని,” అందామె. తెరపక్కకు వెళ్ళి జనం వైపు తిరిగి చెయ్యెత్తింది. “అందరూ ఒక్కసారే అరవమాకండి, అబద్ధంలా ఉంటది. ముందు ఎవరికీ నమ్మకం ఉండదు. గుసగుసలాడండి. నేను పిలిచాక వెనకోళ్ళు అందుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

చరణ్ బొమ్మ కదిలించాడు. హాలులో గుసగుసలు లేచాయి. పడవ ముక్కు కనిపించింది. అంతోనమ్మ గొంతు చీలిపోయేలా కేక పెట్టింది.

“వచ్చిందే! ఓలమ్మో, అక్క వచ్చిందే!”

వెనక వరసలు అందుకున్నాయి. చెక్కల మీద పనివాళ్ళు అందుకున్నారు. జంగయ్య నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. రఘునందన్ లేచి నిలబడి ఉన్నాడు. అరిచాడో లేదో ఆ గోలలో తెలియలేదు. అంతోనమ్మ ముఖం తడిసిపోయింది. ఎవరూ ఏడవమని చెప్పలేదు. ఎందుకు అరుస్తోందో, ఎవరి కోసమో, మొదటినుంచి చివరిదాకా ఆమెకు తెలుసు.

లైట్లు వేశాక నిహారిక కాగితం చదివింది. వచ్చే టర్ముకు ఎనిమిది కాదు, రెండే సీరీసులు. మొదలుపెట్టినవి చివరిదాకా. చేతులెత్తమంది. అందరూ ఎత్తారు.

“మీరూ ఎత్తండి ఆంటీ, మీరు మెంబరే,” అంది. అంతోనమ్మ రెండు చేతులూ ఎత్తింది. నిహారిక ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తి సంతకంతో తిరిగొచ్చింది.

పిల్లలు గేటుదాకా వచ్చారు. “వచ్చే శనివారం రావాలి ఆంటీ. మోతీనగర్ ఎంత దూరమని?” అంది సోఫియా.

“వస్తానమ్మా. రాకుండా ఎట్టుంటా? పసిదాన్నీ తెస్తా.”

సంచి భుజాన వేసుకుని ఆమె వాలు దిగింది. ఫిల్మ్ నగర్ బస్టాపులో నిలబడి జెరూషకు ఫోను చేసి, బొంగురు గొంతుతో పడవపిల్ల కథ మొదలుపెట్టింది. బస్సు వచ్చినా ఆపలేదు. ఫోను చెవికి ఆనించుకునే ఎక్కి, వెళ్ళిన అక్క తిరిగి వచ్చేదాకా చెప్పింది.

అంతోనమ్మ ఆ కాలేజీకి మళ్ళీ రాలేదు. ఆమె ఆఖరిసారి ఆ గేటు దాటింది 2024 మార్చి పదహారు, శనివారం సాయంత్రం.