పాచి పని

పర్చూరు దాటాక పత్తి చేలను ఆనుకొని శేషాచలం గారి గేదెల డెయిరీ ఉంది. అక్కడ పేడ ఎత్తడం జయకుమారి పని. మిరపకోతలకు వెళ్తే ఆ ఘాటుకు ఆమెకు దగ్గు ఆగేది కాదు. అందుకే పల్లెలో ఆడవాళ్లంతా ఆటోలెక్కి కోతలకు పోతున్నా, తను మాత్రం నలభై గేదెల మధ్య ఉండిపోయింది.

రెండేళ్ల కిందట గుంటూరులో కెమిస్ట్రీ చెప్పే శరత్‌చంద్ర వచ్చి, గోబర్ గ్యాస్ ప్లాంటు పక్కన మూడు సిమెంటు తొట్లు కట్టించాడు. పేడలోంచి వచ్చే గ్యాస్‌ను ఆ తొట్లలోని నీళ్లగుండా పంపితే, అందులో మండని భాగాన్ని ఆల్గే తిని పెరుగుతుందట. ఎండబెట్టి దూడల దాణాలో కలపొచ్చట.

"ఆల్గే అంటే పాచేగా అండీ?" అంది జయకుమారి.

"పాచే. కానీ మంచి పాచి" అని నవ్వాడాయన.

"ఏమే, పాచి పనికి కుదిరావంటగా!" అని పల్లెలో వేళాకోళం చేశారు.

ఆ మంచి పాచి రెండుసార్లు చచ్చింది. మూడోసారి వేశాక ఒక ఉదయం తొట్ల దగ్గర కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. చచ్చిన రెండుసార్లూ ముందు ఇదే కంపు వచ్చిందని ఆమెకు గుర్తుంది. గ్యాస్ తొట్లలోకి పోయేముందు తుప్పు పట్టిన ఇనప రజను నింపిన డ్రమ్ములోంచి పోతుంది. కంపును పట్టేసేది ఆ తుప్పే. అది ఏడాది పాటు పనిచేస్తుందని శరత్‌చంద్ర అంచనా. జయకుమారి వాల్వు కట్టేసి మూత తీసింది. ఎర్రగా ఉండాల్సిన రజను మసిలా నల్లబడి ఉంది. పట్టా మీద పల్చగా పరిచి, నీళ్లు చిలకరిస్తూ తిరగేసింది. రెండు రోజులకు మళ్లీ ఎర్రబడింది. డ్రమ్ములో పోసి గ్యాస్ వదిలితే కంపు లేదు. పాచి బతికింది.

శనివారం వచ్చిన శరత్‌చంద్ర పచ్చటి నీళ్లు చూసి మురిసిపోయాడు.

"చూశారా, ఈసారి నేను పెట్టిన గ్యాస్ మోతాదు సరిపోయింది" అన్నాడు శేషాచలం గారితో.

"అది కాదండీ, డ్రమ్ములో..." అని జయకుమారి మొదలుపెట్టింది.

"నువ్వు పేడ గడ్డలు లేకుండా కలుపు, చాలు" అన్నాడు.

ఇంకోసారి చెప్పబోతే ఫోను మోగింది. తర్వాత ఆమె చెప్పే ప్రయత్నం మానేసి, ఇరవై రోజులకోసారి రజను తీసి ఆరబెట్టడం తన పనిలో కలిపేసుకుంది. పొద్దున్నే గేదెల దగ్గరికి పోయేముందు తొట్ల దగ్గర ఆగేది. వరి నారుమడిలా మెరిసే ఆ నీళ్లు చూస్తే ఆమెకు ఎక్కడలేని హుషారూ వచ్చేది. ఎండిన పాచి తిన్న దూడలు నిగనిగలాడుతుంటే, వాటి వీపులు తనే నిమిరేది.

ఏడాది గడిచాక హైదరాబాదు నుంచి ఒక కంపెనీ తరఫున అమూల్య అనే ఆవిడ వచ్చింది. దూడలకెందుకు, మనుషులు తాగే బలం పొడిగా అమ్ముదామంది. ఆ సాయంత్రమే శేషాచలం గారు జయకుమారిని పిలిచాడు.

"రేపట్నుంచి తొట్ల వైపు రాకు. మనుషులు తినేది. పేడ చేతులు పడ్డాయంటే ఎవరు కొంటారు?"

"సబ్బుతో కడుక్కునే ముట్టుకుంటానండీ."

"చేతుల సంగతొక్కటే కాదులే" అన్నాడాయన.

ఆమె పక్కనే ఉన్న శరత్‌చంద్ర వైపు చూసింది. ఆయన తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు.

పెదకాకాని నుంచి బీఎస్సీ చదివిన శ్రీజను తెచ్చి తెల్లకోటు తొడిగారు. పొడి తయారీ ప్రారంభం రోజున జయకుమారి చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. కార్లు వెళ్లేదాకా కొట్టంలోనే ఉండమన్నారు. మైకులో శరత్‌చంద్ర తన పద్ధతి గురించి చెబుతుంటే, ఆమె గేదెల మధ్య నిలబడి వింది.

మూడో వారం గాలి ఇటు తిరిగినప్పుడు సన్నగా ఆ కంపు తగిలింది. జయకుమారి తట్ట దించి నిలబడింది. శ్రీజ గోడకంటించిన కాగితం చూస్తూ నీళ్ల వేడి కొలుస్తోంది. ఆ కాగితంలో డ్రమ్ము మాటే లేదు. 'అడగనీ, చెప్తాను' అనుకుని జయకుమారి తట్ట ఎత్తుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది. అయిదో రోజుకు మూడు తొట్లూ పసుపుపచ్చగా తిరిగాయి.

శరత్‌చంద్ర పరుగున వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. జవాబు ఆమె నాలుక చివరే ఉంది.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?" అన్నాడాయన.

జయకుమారి ఆ జవాబు మింగేసింది.

"లేదండీ. ముట్టుకోవద్దన్నారుగా."

కొత్త విత్తనం తెచ్చి వేశారు. అదీ చచ్చింది. పొడి వేళకు అందక కంపెనీ తప్పుకుంది. శరత్‌చంద్ర ఇంకోచోట ఏదో ప్రాజెక్టులో చేరాడని విన్నారు. తొట్లు ఖాళీ చేసే పని మళ్లీ జయకుమారికే వచ్చింది. ఆమె కుళ్లిన పాచిని బక్కెట్లతో తోడి కాలవలో పోస్తుంటే, శ్రీజ బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది.

"అక్కా, ఇది ఎందుకు చచ్చిపోయిందో నీకేమైనా తెలుసా?"

ఆ ఆవరణలో ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి శ్రీజే.

"తెలుసు" అని డ్రమ్ము సంగతంతా చెప్పింది జయకుమారి.

శ్రీజ తిరిగి డ్రమ్ము వైపు చూసింది.

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోతే విన్నారా? నన్ను అసలు రానివ్వనే లేదుగా!"

"నేను కాదు కదక్కా రానివ్వంది. వాళ్లకేం పోయింది? ఉద్యోగం పోయింది నాదే."

శ్రీజ కళ్లు తుడుచుకుని రోడ్డు మీదికి నడిచి, ఆటో ఆపి ఎక్కింది. అది మలుపు తిరిగేదాకా చూసి, జయకుమారి తొట్టిలోకి దిగింది. అడుగున పేరుకున్న జిగురును కొబ్బరిపీచుతో గీకుతుంటే కంటినిండా నీళ్లొచ్చాయి. తుడుచుకుందామంటే చేతులనిండా పాచి.

శేషాచలం గారు వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు.

"బాగా తోము. రేపట్నుంచి గేదెలకు కుడితి ఇందులోనే" అన్నాడు.