తూర్పు ఎడమవైపు

"నీ దస్తూరి మంచిగుంటది, జర ఇది ఫెయిర్ కాపీ చేసియ్యరాదూ" అంటూ సారంగపాణి కాగితాల కట్టను కందిపప్పు చాట పక్కన పెట్టాడు. ఆయన నా భర్త, హన్మకొండలో ఫిజిక్స్ లెక్చరర్. ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకే క్లాసు, మార్కులు నావే ఎక్కువ. ఆ సంగతి ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు. పెళ్ళయ్యాక నా పీహెచ్‌డీ ఆగింది, ఆయనది ఈ 1986లో కూడా నడుస్తూనే ఉంది. ఇద్దరూ సదువుకుంట కూసుంటె వంటెవరు చేస్తరని మా అత్త చిలుకమ్మ అప్పట్లో అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పేపరు ఒక పసి నక్షత్రం గురించి. పుట్టే నక్షత్రం చుట్టూ వాయువూ ధూళీ పళ్ళెంలా తిరుగుతాయి, ఆ పళ్ళేనికి పైకీ కిందికీ వాయువు చిమ్ముతుంది. అబ్జర్వేటరీ నుంచి రెండు పట్టికల్లో వచ్చిన కొలతలను ఆయన గ్రాఫు కాగితం మీద పెట్టాడు. చిమ్మిన వాయువంతా ఒకే గీత మీద పడింది. కాబట్టి నక్షత్రం ఒకటేనని రాశాడు.

పప్పు ఏరడం ఆపి నేను మళ్ళీ గీశాను. రెండో పట్టిక దగ్గర ఆయన పొరపాటున నేల పటంలో లాగా తూర్పును కుడివైపు పెట్టాడు. ఆకాశాన్ని మనం కింది నుంచి చూస్తాం, అక్కడ తూర్పు ఎడమకు రావాలి. కొత్తవాడ మగ్గాల మధ్య పెరిగినదాన్ని, జంపఖానా తిరగేస్తే ఎడమకు చూసే చిలుక కుడికి చూస్తుందని నాకు ఒకరు చెప్పాలా? సరిచేసేసరికి గీతలు రెండయ్యాయి, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ. ఒకే మబ్బులో రెండు నక్షత్రాలు. దేని పళ్ళెం దానిదే, దేని వాలు దానిదే. ఏడేళ్ళ తర్వాత నా బుర్ర నాకు దొరికినట్టనిపించి, ఆ చాట ముందే కూర్చుని ఏడ్చాను.

చూపిస్తే, పొయ్యి పొగకు నీ కళ్ళు మసకబారాయేమో అన్నాడు. సాయంత్రం దాకా లెక్క చూసుకుని పేపరంతా తిరగరాసి తెచ్చాడు. పైన ఆయన పేరొక్కటే. చివర, పటాలు చక్కగా గీసిచ్చిన నా భార్యకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం. దాన్ని కూడా నా దస్తూరితో నేనే ఎక్కించాలి! చెడ్డవాడు కాదు, నాకు జ్వరమొస్తే దవాఖానకు పరుగెత్తేవాడే. ఇది నాది అన్న ఆలోచనే ఆయనకు తట్టలేదు, అంతే.

నేను కలానికి మూత పెట్టాను.

"నా పేరు లేకుంటె ఈ పటం ఇల్లు దాటదు."

గైడు రాజేశ్వర్ రావు సార్ ఏమనుకుంటాడో, పెళ్ళాం పేరు పెడితే డిపార్టుమెంటులో నవ్వుతారేమో అని గొణిగాడు. అత్త అన్నం పెట్టమని రెండుసార్లు పిలిచింది. నేను లేవలేదు. ఆయన ఆ రెండు గీతలనూ చాలాసేపు చూశాడు.

"ఇంటిపేరు మాది రాస్తవా, మీ నాయినదా?"

పెళ్ళయిన ఏడేళ్ళలో, జవాబు తనకు తెలియకుండా ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఎమ్మెస్సీ సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను: ఆడెపు భూలక్ష్మి.