కండలో పొంచి ఉన్న తలుపు

నేను ఒక తలుపుని. కొయ్యతో చేసింది కాదు, మాంసకృత్తుతో చేసింది. భార్గవ్ కండకణంలో, కాల్షియం దాచిన సంచి గోడకు బిగించి ఉన్నాను. నాలాంటివి అతని ఒంట్లో లెక్కలేనన్ని. నరం కబురు పంపగానే నేను తెరుచుకుంటాను, కాల్షియం బయటికి దూకుతుంది, కండ ముడుచుకుంటుంది. వెంటనే మూసుకోవాలి. అప్పుడు పంపులు ఆ కాల్షియాన్ని మళ్లీ సంచిలోకి తోడేస్తాయి, కండ సడలుతుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది.

మనుషులు దీన్ని తమ బలం అనుకుంటారు. పెళ్లయిన పదో రోజున పచ్చడి సీసా మూత భార్గవ్ ఒక్క తిప్పుతో తీస్తే, అతని భార్య మృదుల చప్పట్లు కొట్టింది. "అబ్బో, ఏం కండలండీ! మళ్లీ పెట్టి తీయండి, చూస్తాను." పెట్టాడు, తీశాడు. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. నా ఊసెవరూ ఎత్తలేదు.

నాకు వీళ్లంటే గిట్టదు. నా నమూనాలోనే ఒక తప్పుంది. అది అతనికి తల్లి సత్యవాణి వైపు నుంచి వచ్చింది. మత్తిచ్చే గ్యాసు తగిలితే నేను తెరుచుకుంటాను, ఇక మూసుకోను. కండలన్నీ బిగుసుకుపోతాయి, ఒళ్లు కుంపటవుతుంది, చివరికి గుండె ఆగుతుంది. ఆ గ్యాసు కోసమే కాచుకుని ఉన్నాను.

పన్నెండో రోజున అతనికి కడుపునొప్పి. అపెండిక్స్ వెంటనే తీసెయ్యాలన్నారు. ఏలూరు ఆసుపత్రిలో మత్తు డాక్టరు జుబేదా కాగితం పట్టుకుని వచ్చింది.

"మీవాళ్లలో ఎవరికైనా మత్తిచ్చినప్పుడు ఏమైనా అయిందా?"

"మా ఇంట అలాంటివేం లేవమ్మా," అంది సత్యవాణి టక్కున. పక్కనే వియ్యంకుడున్నాడు మరి. తన తమ్ముడు లారీ కిందపడి పోయాడని సంబంధం మాట్లాడేటప్పుడు అతనికి చెప్పింది.

నాకు పండగే.

"అయితే సంతకం పెట్టండి."

"నేను పెడతాను," అని మృదుల పెన్ను అందుకుంది. సత్యవాణి చూపు కోడలి కాలి వేళ్ల మీదికి, కొత్త మెట్టెల మీదికి పోయింది. ఒక్క ఉదుటున పెన్ను లాక్కుంది.

"ఆగవే! నువ్వు పెట్టొద్దు. మా తమ్ముడూ పెళ్లయిన నెలకే ఆపరేషన్ బల్ల మీద పోయాడు. ఒళ్లు చెక్కలా బిగుసుకుపోయింది, పెనంలా కాలిపోయింది."

"లారీ అన్నారుగా!" వియ్యంకుడు గద్దించాడు. "మా గొంతు కోశారు కదండీ! పద మృదులా, ఇంటికి పోదాం."

"మీరూరుకోండి నాన్నా. అత్తయ్యా, ఎందుకు దాచారు?"

"కొత్త కోడలి అడుగు మంచిది కాదని అప్పుడు అందరూ అన్నారు. అందరికంటే ముందు నేనే అన్నాను. నేనే మా మరదల్ని మెడపట్టి గడప దాటించాను."

"ఇంకాసేపు దాచుంటే మీ అబ్బాయిని మా చేతులతోనే చంపేసేవాళ్లం!" జుబేదా కసిరి లోపలికి పరుగెత్తింది. "గ్యాసు వద్దు. నడుములో మత్తు సూది ఇద్దాం."

ఆపరేషన్ జరిగినంతసేపూ పళ్లు కొరుకుతూ ఎదురుచూశాను. గ్యాసు రాలేదు.

బయట సత్యవాణి ఏడుస్తోంది. మృదుల ఓదార్చలేదు.

"మీ మరదలి పేరేంటి?"

"సునంద."

"ఎక్కడుంటారు?"

"తెలీదే. ఇరవై ఏళ్లయింది."

"వెతుకుదాం. ఆవిడ ముందు నిలబడి, తప్పు ఆవిడ అడుగుది కాదని మీరే చెప్పాలి."

లోపల జుబేదా ఫైలు మొదటి పేజీ మీద ఎర్రసిరాతో నా తప్పేంటో రాసింది. సునంద పాదాల మీద పడిన నింద వెనక ఇరవై ఏళ్లు హాయిగా దాక్కున్నాను. ఇప్పుడు నా నేరం నా నెత్తికే వచ్చింది.