పదకొండో వాల్వు

నీళ్ల ఆఫీసువాళ్లు ఊళ్లోని గొట్టాలను వాటాలుగా విడగొట్టారు. ఒక్కో వాటాకు ఒక పెద్ద మీటరు, చుట్టూ హద్దు వాల్వులు. అవన్నీ మూసి ఉంచితే, మీటరు దాటిన నీళ్లూ ఇళ్లలో వాడిన నీళ్లూ లెక్క సరిపోవాలి. తేడా వచ్చిందంటే లీకున్నట్టే.

మూడో వాటాకు హద్దు వాల్వులు పదకొండు. వాల్వులు తిప్పే ఉద్యోగిని వీధుల్లో అందరూ నీళ్లబాబాయి అంటారు. పది వాల్వులు మూశాడు. పదకొండోది లాండ్రీ మూలన ఉంది. రోడ్డు అవతల మిట్ట మీద, మూడో అంతస్తులో వాళ్లక్క ఉంటుంది. ఆ ఇల్లు నాలుగో వాటాలో పడింది. ఆ వాటా నీళ్లు మిట్ట ఎక్కవు. మోకాళ్లు అరిగిన మనిషి కింది నుంచి బిందెలెలా మోస్తుంది? అందుకే మూడో వాటా నీళ్లు అక్కకు అందేలా పదకొండోది నాలుగు చుట్లు తెరిచి ఉంచి, మూసినట్టు రాసేశాడు.

మీటరు ఊరుకుంటుందా? తేడా చూపించింది. లీకు వెతకమని ఇంజనీరమ్మ అతన్నే పంపింది. తాను చేసిన లీకును తానే మూడు వారాలుగా వెతుకుతున్నాడు. ఊరికే ఉంటే అనుమానమొస్తుందని రెండుచోట్ల తవ్వించాడు కూడా.

ఇవాళ ఆమే లాండ్రీ మూలకు వచ్చింది.

"ఏమయ్యా, ఇదీ మూసే ఉందా?"

"మూసే ఉందండి."

"ఎందుకైనా మంచిది, ఇంకాస్త బిగిద్దాం."

వాల్వు తిప్పే ఇనుప కడ్డీ అందుకుని కుడికి తిప్పింది. ఏ వాల్వుకైనా అదే పద్ధతి. ఈ ఒక్కటే పాతకాలంది, ఎడమకు తిప్పితే మూసుకుంటుంది. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. బిగిస్తున్నాననుకుని ఆమె మిగిలిన రెండు చుట్లూ తెరిచేసింది.

"కాస్త వదులుగా ఉందంతే. ఈ సందులోంచి అన్ని నీళ్లు పోవు. మీటరు రాసేవాడే తప్పు రాస్తున్నాడు. రేపే పనిలోంచి మాన్పించేస్తాను."

మీటరు రాసేవాడు అంకె తప్పే మనిషి కాడు.

అప్పుడే మూడో అంతస్తు కిటికీలోంచి కేక. "ఏరా తమ్ముడూ, ఇవాళ ధార భలే వస్తోందిరా. నువ్వొచ్చుంటావనుకున్నా."

ఇంజనీరమ్మ కిటికీ కేసి చూసింది. తర్వాత అతని కేసి చూసింది.

"ఇది ఎడమకి మూసుకుంటుందండి," అన్నాడు.

"ఇన్నాళ్లూ?"

"నాలుగు చుట్లు తెరిచే ఉందండి. మీటరు రాసేవాడి తప్పేం లేదు."

ఆమె కడ్డీ అతని చేతిలో పెట్టింది. "నువ్వే మూయి. పూర్తిగా ఆగిందో లేదో చెవి పెట్టి విను."

ఎడమకు తిప్పాడు. కడ్డీ కొసకు చెవి ఆనించాడు. లోపల హోరు సన్నబడి, సర్రుమని, ఆగిపోయింది.

"తమ్ముడూ, ఆగిపోయాయిరా. అక్కడే ఉన్నావుగా, కాస్త చూడు."

హోరు ఆగిన కడ్డీకి చెవి ఆనించి, తల ఎత్తకుండా అలాగే వంగి ఉండిపోయాడు.