డ్రా చేయమన్నారు

మా ఆయన ఒస్తాప్ ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో ఎవరికీ భయపడి ఎరగడు. ఎదుటివాళ్లు కాళ్ల మీద తొక్కినా నవ్వుతూ లేచేవాడు. మోకాలు పోయి, మా బొగ్గుగనుల ఊరి జట్టుకు కోచ్ అయ్యాకే పిరికితనం పట్టుకుంది. ఉంటున్న ఫ్లాటు జట్టుది, వచ్చే జీతం గనిది. రెండూ పార్టీ సెక్రటరీ బొందారెంకో గుప్పిట్లో ఉండేవి.

ఆ శనివారం బొందారెంకో ఆఫీసు నుంచి వచ్చిన ఒస్తాప్ టోపీ కూడా తీయకుండా వంటింట్లో కూలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“రేపటి ఆట డ్రా చేయమన్నారు లీదా. పొరుగు ప్రాంతం సెక్రటరీతో మాట్లాడుకున్నాడట. చెరో పాయింటు వస్తే రెండు జట్లూ ఈ లీగ్‌లోనే ఉంటాయట.”

ఇలాంటి ఒప్పందాలు మా దేశంలో కొత్తేమీ కాదు. అందుకే మాస్కోలోని ఫుట్‌బాల్ పెద్దలు ఒక నియమం పెట్టారు. ఏడాదికి ఇన్ని డ్రాలకే పాయింటు, అవి దాటాక డ్రా చేసుకున్న జట్టుకు సున్నా. మా వాటా ఎప్పుడో అయిపోయింది. పొరుగువాళ్లకు ఇంకా మిగిలింది. రేపు డ్రా అయితే వాళ్లు నిలుస్తారు, మేం కింది లీగ్‌కు పోతాం. బొందారెంకో మొన్నటిదాకా పందుల పెంపకం చూసిన మనిషి, ఆయనకు ఈ సంగతి తెలియదు.

“మరి చెప్పావా?”

“ఏమని? మీకు తెలియదండీ అనా? గది నిండా జనం.”

“సరేనన్నావా?”

“అన్నాను.”

“నోట్లో ఏం పెట్టుకున్నావు, బంగాళాదుంపా?”

“అరవకు, గోడకవతల వింటారు. నాకు ముందున్న కోచ్ ఏమయ్యాడు? నలుగురిలో బొందారెంకో మాట దిద్దాడు. ఇప్పుడు ఉత్తరాన ఎక్కడో బడిపిల్లల చేత గుంజీలు తీయిస్తున్నాడు.”

నాకు ఒళ్లు మండింది, అంతకన్నా ఎక్కువ భయం వేసింది. జట్టు పడిపోతే తప్పు కోచ్‌దే అంటారు. గెలిస్తే మాట ధిక్కరించినట్టు. ఎటు తిరిగినా మా ఇల్లు పోవడం ఖాయం.

మర్నాడు ఆటగాళ్ల భార్యలతో పాటు నన్నూ పెద్దల వెనక వరసలో కూర్చోబెట్టారు. కింద మావాళ్లు, వాళ్లు కలిసి బంతిని మైదానం మధ్యలో బద్ధకంగా దొర్లిస్తున్నారు.

“మెల్లగా ఆడండ్రా, బూట్లు అరిగిపోతాయి!” అని గనివాళ్లు ఈలలు వేశారు.

గోల్ లేకుండానే మొదటి సగం అయింది. బొందారెంకో తృప్తిగా ఫ్లాస్కు మూత తిప్పి, వెనక్కి చూశాడు.

“ఏమ్మా లీదా, అలా వణుకుతున్నావేం? ఇదిగో, కాన్యాక్ బ్రాందీ కలిపిన టీ. తాగు.”

కప్పు అందుకున్నాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. ఏమీ తెలియని ఆడదానిలా, ఆయనకొక్కడికే వినపడేలా అడిగాను.

“నాకు ఆటలేం తెలుసు కామ్రేడ్? మన డ్రాలు అయిపోయాయి, ఇది డ్రా అయితే మనకు సున్నా అంటాడు మా ఆయన. అంతేనా?”

బొందారెంకో మెడ ఎర్రబడింది. పక్కనున్న సహాయకుడి చెవిలో ఏదో అడిగాడు. అతను తెల్లబోయి తలూపాడు, ఆ వెంటనే లేచి ఆటగాళ్ల గదివైపు పరుగెత్తాడు.

రెండో సగంలో మావాళ్లు పూనకం వచ్చినట్టు మీదపడ్డారు. “ఒప్పుకున్నారు కదరా దొంగల్లారా!” అని పొరుగు జట్టు గోల్‌కీపర్ గొంతు చించుకున్నాడు. ఆట ముగియబోతుండగా బంతి వాడి చేతుల కిందనుంచి వలలోకి దూరింది. స్టేడియం ఊగిపోయింది. నేను పక్కావిడను పట్టుకుని ఏడ్చేశాను. మా ఇల్లు నిలబడింది, నా తెలివే నిలబెట్టింది అనుకున్నాను.

కుర్రాళ్లు ఒస్తాప్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎన్నాళ్లకో మనసారా నవ్వుతూ, నన్ను వెతుక్కుని చెయ్యి ఊపాడు.

బొందారెంకో కూడా లేచి చప్పట్లు కొడుతున్నాడు. నావైపు తిరగకుండానే నెమ్మదిగా అన్నాడు.

“అంటే, నిన్న నా ఎదుట నిలబడి సరేనన్నప్పుడే మీ ఆయనకు ఇదంతా తెలుసన్నమాట.”

కింద ఒస్తాప్ “లీదా! లీదా!” అని అరుస్తూ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.