మూడో బేస్ పక్కన

కోచ్ మేడమ్ ఆ ఊరి బాలికల పాఠశాలకు బదిలీ మీద వచ్చినప్పుడు అందరూ బేస్‌బాల్ జట్టు కోసమే వచ్చిందనుకున్నారు. అనుమానం వచ్చింది ఆ ఊళ్లోనే ఉంటున్న ఆమె అక్కకు ఒక్కదానికే.

జట్టులో అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్లను తోటివాళ్లు మిడత అని పిలిచేవారు. మిడతను కన్నది కోచ్ మేడమ్, పెంచింది అక్క. ఇందులో దాపరికమేమీ లేదు, పిల్లకూ తెలుసు. భర్త పోయి, చంకలో చంటిపిల్లతో, ఊరుగాని ఊళ్లో కొత్త ఉద్యోగంతో చెల్లెలు సతమతమవుతుంటే, "నువ్వు నిలదొక్కుకునేదాకా నా దగ్గర ఉంచు" అంది అక్క. తీరా నిలదొక్కుకుని తీసుకెళ్లడానికి వచ్చేసరికి పిల్లకు మాటలొచ్చేశాయి. "అమ్మా" అంటూ అక్క కాళ్లు చుట్టేసుకుంది. అయినా వెంట తీసుకెళ్తే ముద్ద ముట్టలేదు, ఏడుపు ఆపలేదు. చివరికి తనే తెచ్చి అక్కకు అప్పగించింది. అప్పటి నుంచి ఆమె ఆ పిల్లకు పిన్ని. ఇప్పుడు మైదానంలో మేడమ్.

మిడతకు కాళ్లున్నాయి గానీ బేస్‌ల మధ్య ఎలా పరుగెత్తాలో తెలియదు. మొదటి బేస్, రెండోది, మూడోది వరసగా తాకి, బయల్దేరిన హోమ్‌కే తిరిగి చేరితే ఒక పరుగు. రెండో బేస్ నుంచి మూడోదానికి వస్తున్నప్పుడు బంతి మైదానం కుడివైపు పడిందంటే పరుగెత్తేవాళ్లకు అది వీపు వెనకే ఉంటుంది. అలాంటప్పుడల్లా మిడత మెడ తిప్పి చూసేది. తిప్పినప్పుడల్లా అడుగు తడబడేది.

కోచ్ మూడో బేస్ పక్కన నిలబడి అందరినీ పిలిచింది.

"బంతి కొట్టకముందే అంతా చూసుకోవాలి. ఫీల్డర్లు ఎక్కడున్నారు, ఎవరి విసురు గట్టిది, ఎంతమంది అవుటయ్యారు. కాలు కదిలాక ఇక చూడాల్సింది నన్నే. చెయ్యి గిరగిరా తిప్పానంటే ఆగకుండా హోమ్‌కి పోండి. రెండు చేతులూ ఎత్తానంటే ఇక్కడే ఆగండి."

"మీరు పొరబడితే?" అంది మిడత.

"అవుటయ్యేది నువ్వు, తిట్లు తినేది నేను."

పిల్లలు నవ్వారు. మిడత నవ్వలేదు. "బంతి కనబడకుండా ఎలా నమ్మడం మేడమ్?"

"నీ వెనక ఏం జరుగుతుందో నేను చూస్తాగా," అంది కోచ్. వెంటనే విజిల్ నోట్లో పెట్టుకుంది.

అక్కకు బజారు వీధిలో జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. ఒకే కుర్చీ, అంచు పెచ్చులూడిన అద్దం. ఆదివారం ఉదయం బేరాలు లేనప్పుడు చెల్లెలు వెళ్లి కూర్చుంది. అక్క చెల్లెలి మెడచుట్టూ గుడ్డ కట్టి, జుట్టు మీద నీళ్లు చల్లి, దువ్వుతూ అద్దంలోంచే అడిగింది.

"ఈ బదిలీ వాళ్లు వేశారా, నువ్వు వేయించుకున్నావా?"

"అడిగే వేయించుకున్నాను."

కత్తెర చప్పుడు ఆగింది. "తీసుకుపోవడానికేనా?"

"ఎదిగిన పిల్లను ఎక్కడికి తీసుకుపోతానక్కా? రోజూ కళ్లబడితే చాలనుకున్నాను."

"చాలుతోందా?"

చెల్లెలు తల దించుకుంది. అక్క గడ్డం పట్టుకుని ఎత్తింది. "కదలకు, ఎగుడుదిగుడుగా వస్తుంది." కాసేపు కత్తిరించాక మళ్లీ తనే అంది. "ఒళ్లు వెచ్చబడితే అది నన్నే కలవరిస్తుంది. సంతోషపడాలో, నీ మొహం గుర్తొచ్చి ఏడవాలో తెలీదు. ఇన్నేళ్లూ రెండూ చేస్తూనే ఉన్నాను."

"శనివారం మ్యాచ్ ఉంది," అంది చెల్లెలు. "దుకాణం మూసి రా."

అక్క వచ్చింది. హోమ్ వెనక ఉన్న తీగల కంచె పట్టుకుని నిలబడింది. రెండు జట్ల పరుగులూ సమానమై, ఆట చివరికొచ్చేసరికి మిడత రెండో బేస్ మీద ఉంది. వేళ్ల మీద నిలబడి ఫీల్డర్లను ఒక్కొక్కరినే చూసుకుంది. బ్యాట్ పట్టిన పిల్ల బంతిని కుడివైపు బలంగా కొట్టింది.

మిడత పరుగందుకుంది. మెడ తిప్పలేదు. కళ్లు కోచ్ మొహం మీదే ఉన్నాయి.

ఆ పిల్ల పరుగులు నేర్చింది మొదలు ఎప్పుడూ తన వైపు ఇలా రాలేదు. ఎప్పుడు పరుగెత్తినా వేరే ఒళ్లోకే. ఇప్పుడు జుట్టు ఎగురుతూ, నోరు తెరుచుకుని, లోకంలో ఇంకేమీ లేనట్టు తననే చూస్తూ వస్తోంది. కోచ్‌కి రెండు చేతులూ ఎత్తి ఆపెయ్యాలనిపించింది. ఆపితే ఇక్కడే, చేయి చాస్తే అందేంత దగ్గర్లో, కాసేపు నిలబడుతుంది.

దూరంగా ఫీల్డర్ చేతిలోంచి బంతి జారింది. కోచ్ చెయ్యి గిరగిరా తిప్పింది.

మిడత ఏమాత్రం సందేహించలేదు. బేస్ లోపలి మూలను తొక్కి ఆమె పక్కనుంచి గాలిలా మలుపు తిరిగింది. ఆ తర్వాత కోచ్‌కి కనబడింది వీపే. పిల్ల దుమ్ములో జారుకుంటూ హోమ్ తాకింది. అవుట్ కాలేదంటూ అంపైర్ చేతులు అడ్డంగా చాచాడు. మ్యాచ్ గెలిచారు. మిడత లేచి నేరుగా కంచె దగ్గరికి పరుగెత్తింది. అక్క తీగల సందుల్లోంచి వేళ్లు పెట్టి దాని నుదుటి మీది మట్టి తుడుస్తూ ఉంటే, కోచ్ మూడో బేస్ దగ్గరే నిలబడి చూసింది.

అందరూ సామాను సర్దుకుంటున్నప్పుడు మిడత వచ్చింది. "మలుపు దగ్గర మరీ వెడల్పుగా తిరిగాను కదా?"

"కొంచెం."

"రేపు చూపిస్తారా?"

మర్నాడు మైదానంలో ఇద్దరే ఉన్నారు. మిడత రెండో బేస్ నుంచి వచ్చింది, కోచ్ తప్పు చెప్పింది. మళ్లీ వచ్చింది. కాసేపటికి మలుపు చక్కగా కుదిరింది, ఇక దిద్దడానికేమీ మిగల్లేదు.

"ఇంకోసారి," అంది కోచ్.

మిడత నడుం మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, ఆమె వంక ఓ క్షణం చూసింది. ఎందుకని అడగలేదు. రెండో బేస్ వైపు మెల్లగా నడిచి వెళ్లి, ఇటు తిరిగి నిలబడింది.